యుద్ధానికి తెరుచుకునే ఖజానా ఇంటి అద్దెకు ఎందుకు తెరుచుకోదు? అమెరికా లెక్కలు

2024 ఏప్రిల్ 24న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ 9,500 కోట్ల డాలర్ల సహాయ చట్టంపై సంతకం పెట్టారు. అందులో ఉక్రెయిన్ పేరు మీద ఉన్నది సుమారు 6,100 కోట్లు. ఇజ్రాయెల్‌కూ గాజా మానవతా సాయానికీ కలిపి 2,600 కోట్లు, తైవాన్ వైపు ప్రాంతానికి 800 కోట్లు పోయాయి. సంతకం పడిన రోజే పెంటగాన్ 100 కోట్ల డాలర్ల ఆయుధాలను ఉక్రెయిన్‌కు పంపుతున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర గృహ నిర్మాణ శాఖ (హడ్) తన వార్షిక నివేదిక విడుదల చేసింది. జనవరిలో ఒక రాత్రి లెక్కపెడితే దేశంలో 7,71,480 మందికి ఇల్లు లేదు. అంతకు ముందు ఏడాదికన్నా ఇది 18 శాతం ఎక్కువ. వారిలో దాదాపు లక్షన్నర మంది పిల్లలు. 2,74,000 మందికి పైగా షెల్టర్ కూడా దొరక్క ఫుట్‌పాత్‌ల మీద, టెంట్లలో, కార్లలో పడుకున్నారు.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసినవాడికి కడుపు మండుతుంది. అమ్మకు అన్నం పెట్టనివాడు పిన్నమ్మకు గాజులు చేయిస్తానన్నాడట అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ వెంటనే వచ్చే లెక్క, ‘ఉక్రెయిన్‌కు పంపిన డబ్బుతో ఇంతమందికి ఇళ్లు కట్టొచ్చు’ అన్నది, చాలావరకు నిలవదు. నిలవని లెక్కతో వాదనకు దిగితే అవతలివాడు ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. అసలు తప్పు ఎక్కడుందో అక్కడికి చర్చ చేరనే చేరదు. డబ్బు చాలకపోవడం ఆ తప్పులో ఒక భాగమే. యుద్ధానికి డబ్బు వెళ్లే దారి వేరు, ఇంటికి వెళ్లే దారి వేరు. మొదటి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రెండోదానికి అడుగడుగునా గేట్లున్నాయి.

6,100 కోట్లు ఎక్కడికి పోయాయి

ఉక్రెయిన్ భాగాన్ని విప్పి చూద్దాం. అందులో సుమారు 2,300 కోట్లు అమెరికా తన సొంత నిల్వల్లోంచి ఇచ్చిన ఆయుధాల స్థానంలో కొత్తవి కొనుక్కోవడానికి. 1,380 కోట్లు ఉక్రెయిన్ కోసం తయారీదారులకు నేరుగా ఆర్డర్లు పెట్టడానికి. 1,100 కోట్లకు పైగా యూరప్‌లో అమెరికా సైన్యం తన పనులు తాను చేసుకోవడానికి. ఆర్థిక సాయంగా ఇచ్చింది 950 కోట్ల దాకా, అదీ తరువాత మాఫీ చేసే వీలున్న అప్పు రూపంలో. అంటే సింహభాగం అమెరికా కర్మాగారాల్లోనే ఖర్చవుతుంది. 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్ల ఖాళీ లోహపు తొడుగులు పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ ఆర్మీ కర్మాగారంలో తయారవుతాయి. ఉక్కు కడ్డీలను ముక్కలుగా కోసి, ఎర్రగా కాల్చి, ప్రెస్ కింద నొక్కి ఆకారం తెస్తారు. మందుగుండు నింపేది అయోవాలో. యుద్ధానికి ముందు నెలకు 14 వేల గుండ్లు తయారయ్యేవి. దాన్ని లక్షకు పెంచాలని సైన్యం లక్ష్యం పెట్టుకుంది. జావెలిన్ క్షిపణులను కూర్చేది అలబామాలోని ట్రాయ్‌లో. ఇలా ప్రతి ఆర్డరూ ఎవరో ఒక కాంగ్రెస్ సభ్యుడి నియోజకవర్గంలో జీతాలుగా మారుతుంది. ‘డబ్బు విదేశానికి పోయింది’ అనేవారు గమనించాల్సిన విషయమిది. ఆ డబ్బులో ఎక్కువ భాగం దేశం దాటలేదు. ఇల్లు లేనివారి దాకా మాత్రం రాలేదు.

నిల్వల్లోంచి ఆయుధాలు తీసి ఇచ్చే పద్ధతికి 1961 నాటి విదేశీ సహాయ చట్టంలోని 506వ సెక్షన్ ఆధారం. అధ్యక్షుడు అత్యవసరం ఉందని నిర్ధారించి సంతకం పెడితే చాలు, సరుకు గిడ్డంగి నుంచి కదులుతుంది. మామూలుగా దీనికి ఏడాదికి 10 కోట్ల డాలర్ల పరిమితి. 2022 ఆర్థిక సంవత్సరానికి కాంగ్రెస్ దాన్ని 1,100 కోట్లకు పెంచింది. ఇచ్చిన వస్తువుకు వెల కట్టడం మళ్లీ ఒక చిక్కు. పాత వస్తువుకు పాత వెల వేయాల్సిన చోట కొత్తది కొనే ధర వేశామని 2023లో పెంటగాన్ ఒప్పుకుంది. ఆ తేడా 620 కోట్ల డాలర్లు. ఆ మేరకు ఇంకా ఆయుధాలు పంపే వెసులుబాటు పుస్తకాల్లో కొత్తగా పుట్టుకొచ్చింది. ఈ 620 కోట్లను చూపి ‘ఇన్ని వేల ఇళ్లు’ అని లెక్క కడితే, గిడ్డంగిలోని పాత సాయుధ శకటాన్ని అద్దె చెక్కుగా మార్చినట్టే. అందుకే ఎవరైనా యుద్ధ ఖర్చు అంకె చెప్పినప్పుడు మూడు సంగతులు తేల్చుకోవాలి: అది కాంగ్రెస్ కేటాయించిందా, నిజంగా ఖర్చయిందా, లేక వస్తువుకు కట్టిన విలువా. ఒకే ఏడాదిదా, పదేళ్లదా. మామూలు రక్షణ బడ్జెట్‌లోదా, దాని పైనదా.

ఆ మూడోది, మామూలు బడ్జెట్‌లోదా దాని పైనదా అన్నది, అన్నిటికన్నా ముఖ్యం. 2023లో అధికార, ప్రతిపక్షాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 2024 ఆర్థిక సంవత్సరంలో రక్షణకు 88,600 కోట్ల డాలర్ల గరిష్ఠ పరిమితి. రక్షణేతర శాఖలన్నిటికీ కలిపి 70,400 కోట్లు. చదువు, ఆరోగ్య పరిశోధన, గృహవసతి, పార్కులు, కోర్టులు అన్నీ ఈ రెండో మూటలోనివే. ఏప్రిల్ నాటి 9,500 కోట్లకు మాత్రం ఏ పరిమితీ వర్తించలేదు. ఎందుకంటే ఆ ఖర్చుకు ‘అత్యవసరం’ అని పేరు పెట్టారు. కాంగ్రెస్, అధ్యక్షుడు ఇద్దరూ ఒప్పుకుని ఆ ముద్ర వేస్తే ఖర్చు పరిమితి లెక్కలోకి రాదు, దానికి సరిపడా ఇంకోచోట కోత పెట్టనక్కర్లేదు. ఏది అత్యవసరమన్నది ఆచరణలో వాళ్లిద్దరి ఇష్టమే. పదేళ్లకోసారి తప్పకుండా చేయాలని రాజ్యాంగమే చెబుతున్న జనాభా లెక్కలకు 2000లో ఇదే ముద్ర వేశారు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలకు రెండు దశాబ్దాల పాటు ‘విదేశీ ఆకస్మిక కార్యకలాపాలు’ వంటి పేర్లతో వేరే ఖాతా నడిపారు. 2011లో ఖర్చుల మీద పరిమితులు వచ్చాక ఆ ఖాతాకు అవి అంటకుండా చూసుకున్నారు. మామూలు సైనిక ఖర్చులు కొన్ని మెల్లగా అందులోకి జారుకున్నాయి కూడా. ఇంటి అద్దె సాయం ప్రధానంగా ఆ 70,400 కోట్ల మూట లోపలే ఉండేది. అక్కడ ఒక డాలర్ పెంచాలంటే పక్క శాఖలో ఒక డాలర్ తెగాల్సి వచ్చేది.

వోచర్ చేతికొచ్చినా ఇల్లు రాదు

అమెరికాలో ఆహార కూపన్లు (స్నాప్) హక్కు. అర్హత ఉంటే ఇవ్వాల్సిందే. అద్దె సాయం హక్కు కాదు. 1974 నుంచి నడుస్తున్న సెక్షన్ 8 వోచర్లకు (ప్రైవేటు ఇంటి అద్దెలో కొంత ప్రభుత్వం కడుతుందని ఇచ్చే పత్రాలకు) 2024లో కేటాయించింది సుమారు 3,240 కోట్ల డాలర్లు. అది సుమారు 23 లక్షల కుటుంబాలకు సరిపోతుంది. అర్హులైన నలుగురిలో ఒకరికి మాత్రమే కేంద్రం నుంచి ఏదో ఒక అద్దె సాయం అందుతుంది. మిగతా ముగ్గురూ వెయిటింగ్ లిస్టులో ఉంటారు, లేదా ఆ లిస్టే మూసేసి ఉంటుంది.

పేరు వచ్చినవాడి కథ అక్కడితో అయిపోదు. వికలాంగుడైన ఒంటరి వ్యక్తికి 2024లో నెలకు గరిష్ఠంగా 943 డాలర్ల ప్రభుత్వ భృతి (ఎస్ఎస్ఐ) వచ్చేది. చిన్న చిన్న మినహాయింపులు పక్కన పెడితే అందులో 30 శాతం, అంటే 283 డాలర్లు తను కట్టాలి. మిగతాది స్థానిక హౌసింగ్ అథారిటీ కడుతుంది, అదీ తాను నిర్ణయించిన పరిమితి దాకానే. ఆ ప్రాంతంలోని అద్దెలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, నూటికి నలభయ్యో చోట ఉన్న అద్దెను హడ్ ప్రమాణంగా తీసుకుంటుంది. దానికి పది శాతం అటూ ఇటూగా అథారిటీ తన పరిమితి పెట్టుకుంటుంది. ఆ పరిమితి 1,500 డాలర్లు అనుకుందాం. ఇల్లు 1,550కి దొరికితే అదనపు 50 తనే కట్టుకోవచ్చు. 1,650కి దొరికితే కుదరదు. కొత్తగా చేరేటప్పుడు అద్దెదారు వాటా ఆదాయంలో 40 శాతం, అంటే 377 డాలర్లు దాటకూడదని నిబంధన. అంటే అతను వెతకగలిగేది 1,594 డాలర్ల లోపు ఇళ్లనే. వెతకడానికి తప్పనిసరిగా ఇచ్చే గడువు 60 రోజులు, ఆపైన పొడిగింపు అథారిటీ దయ. ఈలోగా ప్రతి ఇంటి దరఖాస్తుకూ ఫీజు, క్రెడిట్ స్కోర్ పరిశీలన, పాత కేసుల ఆరా. అడ్వాన్సు డిపాజిట్‌ను వోచర్ కట్టదు. ఇల్లు కుదిరాక హౌసింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. ఒక కిటికీ బిగుసుకుపోయినా, పొగ అలారం పనిచేయకపోయినా మళ్లీ తనిఖీ. అన్ని వారాలు ఖాళీగా ఉంచడం ఇష్టం లేని యజమాని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. వోచర్ అందుకున్న పదిమందిలో దాదాపు నలుగురు ఆరు నెలల్లోపు ఇల్లు వెతుక్కోలేకపోతున్నారని దేశవ్యాప్త పరిశోధన తేల్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూసి సంపాదించిన కాగితం అలా చెల్లకుండా పోతుంది.

నేరుగా నిరాశ్రయుల కోసం ఉన్న గ్రాంట్ల దారి ఇంకా మెల్లగా సాగుతుంది. దానికి 2024లో ఇచ్చింది 405 కోట్ల డాలర్లు. ఇందులో ముఖ్యమైన భాగం కోసం నిరాశ్రయులకు సాయపడే సంస్థల స్థానిక కూటములు, దేశంలో దాదాపు 400, పోటీ పడాలి. 2024 పోటీకి హడ్ ప్రకటన జూలై చివర్లో వెలువడింది, దరఖాస్తుల గడువు అక్టోబరు చివర, ఫలితాలు 2025 జనవరిలో. ఆ వచ్చిన డబ్బులో అత్యధిక భాగం ఇప్పటికే నడుస్తున్న ఇళ్ల అద్దెలు కట్టడానికే సరిపోతుంది. కొత్తవారికి మిగిలేది కొంచెమే. ఏప్రిల్‌లో సంతకమైన రోజే కదిలిన ఆయుధాలతో దీన్ని పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

డబ్బు కుమ్మరిస్తే చాలు అనుకోవడానికీ వీల్లేదు. దానికి కరోనా కాలమే సాక్ష్యం. అప్పుడు రెండు విడతలుగా 4,655 కోట్ల డాలర్లు అద్దె బకాయిల కోసం ఇచ్చారు. మొదటి విడత 2,500 కోట్లు 2020 డిసెంబరులో మంజూరైతే, 2021 జూన్ ముగిసేసరికి ఇళ్లకు చేరింది సుమారు 300 కోట్లే. రాష్ట్రాలకూ కౌంటీలకూ అలాంటి డబ్బు పంచే యంత్రాంగమే లేదు. సిబ్బందిని పెట్టుకుని, వెబ్‌సైట్లు కట్టుకుని, అద్దె ఒప్పందాలూ ఆదాయ ధ్రువీకరణలూ అడిగితే, నోటిమాట మీద అద్దెకున్నవాళ్ల దగ్గర ఆ కాగితాలే లేవు. సొంత ధ్రువీకరణ చాలని కేంద్రం నిబంధనలు సడలించాకే వేగం పుంజుకుంది. యుద్ధ సరఫరాకు డెబ్భై ఏళ్లుగా తీర్చిదిద్దిన వ్యవస్థ ఉంది: గిడ్డంగులు, కాంట్రాక్టులు, ఒకే కొనుగోలుదారు, ఒకే ఆజ్ఞ. అద్దె సాయానికి అలాంటిది ఎవరూ కట్టలేదు.

కాలిఫోర్నియా ఇంకో పాఠం. నిరాశ్రయత కోసం ఐదు ఆర్థిక సంవత్సరాల్లో, 2018–19 నుంచి 2022–23 దాకా, సుమారు 2,400 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిన రాష్ట్రం దాని ఫలితాలను సరిగా నమోదు చేయలేదని రాష్ట్ర ఆడిటర్ 2024 ఏప్రిల్‌లో తేల్చారు. లాస్ ఏంజెలెస్ ఓటర్లు 2016లో 120 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు, పదివేల ఇళ్లు కడతామన్న మాట మీద. 2022 నాటి నగర ఆడిట్ ప్రకారం కడుతున్న ఒక్కో ఇంటికి సగటున దాదాపు ఆరు లక్షల డాలర్లయింది. ఒక ప్రాజెక్టులో ఎనిమిది లక్షలు దాటింది. భూమి ధర ఒక్కటే కాదు, ఒక్కో భవనానికి ఐదారు చోట్ల నుంచి నిధులు కూడగట్టాలి. ప్రతి నిధికీ వేరే దరఖాస్తు, వేరే లాయరు, వేరే గడువు. ఒకటి ఆలస్యమైతే మిగతావన్నీ ఆగుతాయి.

ఒక్క చోట మాత్రం పనిచేసింది

అదే దేశంలో, అదే కాలంలో, ఒక వర్గంలో నిరాశ్రయత సగానికి పైగా తగ్గింది. 2010లో ఇల్లు లేని మాజీ సైనికులు 74,087 మంది. 2024లో 32,882. మొత్తం సంఖ్య పెరుగుతుంటే వీరిది 55 శాతం పడిపోయింది. కారణం దైవికం కాదు. 2008 నుంచి దాదాపు ప్రతి ఏడాదీ కాంగ్రెస్ మాజీ సైనికుల కోసం విడిగా వోచర్లు ఇస్తూ వచ్చింది, వెయిటింగ్ లిస్టుతో సంబంధం లేకుండా. ఈ హడ్-వాష్ పథకంలో అద్దె వోచర్ హడ్ ఇస్తుంది, కేస్ మేనేజర్‌ను మాజీ సైనికుల ఆసుపత్రి ఇస్తుంది. ఇల్లు వెతకడం, యజమానితో మాట్లాడటం, మందులు, మద్యం సమస్య, భృతి దరఖాస్తు అన్నిటికీ ఒకే మనిషి. ముందు తాగుడు మానితేనే ఇల్లు అనే షరతు లేదు. ముందు ఇల్లు, తరువాత మిగతావి.

ఇందులోనూ చిక్కులొచ్చాయి. యుద్ధంలో గాయపడినందుకు వచ్చే పరిహారాన్ని ఆదాయంగా లెక్కగట్టడంతో బాగా దెబ్బతిన్నవారే అర్హత కోల్పోయారు. 2024 ఆగస్టులో హడ్ ఆ నిబంధన మార్చింది. కేస్ మేనేజర్ ఉద్యోగాలు ఖాళీగా ఉన్న నగరాల్లో వోచర్లు వాడకుండా మిగిలిపోయాయి. లాస్ ఏంజెలెస్ పడమర వైపు, వృద్ధ సైనికుల కోసం 1888లో దానంగా వచ్చిన స్థలంలో విశ్వవిద్యాలయ బేస్‌బాల్ మైదానమూ ఒక ప్రైవేటు పాఠశాల క్రీడా ప్రాంగణమూ వెలిశాయి. అక్కడ 1,800కు పైగా ఇళ్లు కట్టాలని 2024 సెప్టెంబరులో జిల్లా కోర్టు జడ్జి డేవిడ్ కార్టర్ ఆదేశించాల్సి వచ్చింది. ఇన్ని లోపాలున్నా పద్ధతి పనిచేసింది. హ్యూస్టన్ నగరం ఇదే పద్ధతిని అందరికీ వర్తింపజేసి, 2011తో పోలిస్తే నిరాశ్రయుల సంఖ్యను 60 శాతం దాకా తగ్గించింది. అక్కడ వందకు పైగా సంస్థలు ఒకే జాబితా మీద పనిచేస్తాయి. ఇంటి యజమానులతో ముందే మాట్లాడి ఫ్లాట్లు పట్టి ఉంచుకుంటాయి. అద్దెలు తక్కువగా ఉండటం, కట్టడాల మీద ఆంక్షలు తక్కువగా ఉండటం ఆ నగరానికి కలిసొచ్చాయి.

అందరికీ ఇలా ఇవ్వాలంటే ఎంతవుతుంది? 3,240 కోట్లను 23 లక్షల కుటుంబాలకు పంచితే ఒక్కో వోచర్‌కు ఏడాదికి సుమారు 14,000 డాలర్లు. ఆ రాత్రి లెక్కలో తేలిన ప్రతి మనిషికీ ఒక్కో వోచర్ ఇచ్చినా ఏడాదికి 1,100 కోట్ల లోపే. రక్షణ పరిమితిలో ఇది నూటికి ఒకటింబావు. కేస్ మేనేజర్ వంటి సేవలకు మరికొంత. అయితే దీన్ని తుది అంకెగా చెప్పడం మోసమవుతుంది. ఏడాది పొడవునా కొత్తవారు వీధిన పడుతూనే ఉంటారు. బంధువుల ఇళ్లలో సర్దుకుంటున్నవారు ఈ లెక్కలో లేరు. విద్యాశాఖ అలా సర్దుకుంటున్నవారిని కూడా కలిపి లెక్కిస్తే ఇల్లు లేని బడిపిల్లలే 12 లక్షలకు పైగా తేలారు. అత్యంత పేద అద్దెదారులకు అందుబాటులో ఉండాల్సిన ఇళ్లు 73 లక్షలు తక్కువని 2024లో జాతీయ అల్పాదాయ గృహవసతి కూటమి లెక్కగట్టింది. ఇళ్లు పెరగకుండా వోచర్లే పెంచితే అదే ఇంటికి ఇద్దరు పోటీ పడతారు.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇందులో ఒక కోణం ఉంది. హెచ్-1బీ మీద పనిచేసేవారు ఆదాయపు పన్ను అందరిలాగే కడతారు, అందులోంచే ఆయుధాలకూ అద్దె సాయానికీ పోతుంది. ఉద్యోగం పోతే వారికి వోచర్ అర్హత లేదు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే వారికి ఆ అర్హత. ఉద్యోగం దొరక్క స్నేహితుల ఫ్లాట్‌లో హాల్లో పడుకునే విద్యార్థి హడ్ లెక్కకు కనపడడు.

యుద్ధం ఆగితే?

యుద్ధం ఆపితే ఆ డబ్బు ఇళ్లకు వస్తుందనే ఆశకు చరిత్రలో ఆధారం తక్కువ. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక రక్షణ ఖర్చు నిజంగానే తగ్గింది. ఆ మిగులు లోటు పూడ్చడానికి పోయింది, 1998 నుంచి బడ్జెట్ మిగుల్లోకి వచ్చింది. అదే దశకంలో 1995 నుంచి 1998 దాకా కాంగ్రెస్ పేదలకు కొత్త వోచర్లు దాదాపు ఇవ్వనే లేదు. 2021 ఆగస్టులో అఫ్గానిస్తాన్ నుంచి చివరి సైనికుడు బయటికొచ్చాడు. రక్షణ ఖర్చుకు ఏటా అనుమతిచ్చే చట్టాల్లో మొత్తం 2021కి 74,000 కోట్లు, 2022కి దాదాపు 77,800 కోట్లు, 2023కి 85,800 కోట్లు. ఇరవై ఏళ్ల యుద్ధం ముగిసినా బడ్జెట్ పెరిగింది.

పాత యుద్ధాల బిల్లు ఇంకా వస్తూనే ఉంది. 2001 తరువాతి యుద్ధాల మొత్తం భారం 8 లక్షల కోట్ల డాలర్లని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో అంచనా వేశారు. అందులో 2.2 లక్షల కోట్లు రాబోయే దశాబ్దాల్లో మాజీ సైనికుల వైద్యానికీ పరిహారానికీ. ఇరాక్ యుద్ధానికి ముందు ప్రభుత్వం చెప్పింది 5,000–6,000 కోట్లు. కొరియా యుద్ధానికి పన్నులు పెంచిన దేశం, ఇరాక్ యుద్ధం మొదలైన 2003లో పన్నులు తగ్గించి అప్పుతో నడిపింది. 2024లో జాతీయ అప్పు మీద నికర వడ్డీ సుమారు 88,000 కోట్లకు చేరి రక్షణ ఖర్చును మించింది. ఆ వడ్డీ అంతా యుద్ధాలది కాదు, అయినా అందులో వాటి వాటా ఉంది. అది ఎవరూ ఓటేయకుండానే ఏటా కట్టాల్సిందే.

2025 జూలై 4న డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన పన్నుల చట్టంలో ఈ బేరం ఎన్నడూ లేనంత స్పష్టంగా కనిపించింది. ఒకే చట్టం రక్షణకు సుమారు 15,000 కోట్ల డాలర్లు అదనంగా ఇచ్చింది, పదేళ్లలో ఆహార కూపన్ల నుంచి 18,000 కోట్లకు పైగా, పేదల ఆరోగ్య బీమా మెడికెయిడ్ నుంచి 90,000 కోట్ల దాకా కోసింది. ఇక్కడ మాత్రం రెండు మూటలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. యుద్ధమా, ఇల్లా అనే పోలికకు దీనికన్నా గట్టి ఆధారం లేదు.

ఇంతలో 2021లో కరోనా సాయంగా ఇచ్చిన 70 వేల అత్యవసర వోచర్ల గడువు దగ్గరపడింది. 500 కోట్ల డాలర్లు 2030 దాకా వస్తాయనుకున్నారు. అద్దెలు పెరగడంతో అంతకు ముందే కరిగిపోయాయి. ఇదే చివరి విడత, 2026 దాకా సర్దుకోండని 2025 మార్చిలో హడ్ హౌసింగ్ అథారిటీలకు ఉత్తరం రాసింది. వాటి మీద ఇళ్లు దొరికించుకున్న కుటుంబాలు దాదాపు 60 వేలు. వారిని మామూలు వోచర్లలోకి మార్చాలంటే ఆ వోచర్ల కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నవారిని వెనక్కి నెట్టాలి. మార్చకపోతే వీధిన పడిన మనుషుల్ని తీసుకొచ్చి ఇల్లిచ్చిన ప్రభుత్వమే వాళ్ల అద్దె ఆపేస్తుంది.